88వ కీర్తన

మా ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారికి దగ్గర్లో, పంటకాలవ పక్కన ఉండేది. ఊరికి ఒక కొసన మా పేట. పేట మధ్యలో లూథరన్ గుడి, గుడికి ఎదురుగా మా పెంకుటిల్లు. నాన్న మిషన్ బడిలో పంతులు. నాయనమ్మ ఒకప్పుడు బైబిలు స్త్రీగా పనిచేసింది. గుడ్డసంచీలో బైబిలూ కీర్తనల పుస్తకమూ వేసుకుని, కాలవగట్ల మీద నడుచుకుంటూ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేదట. ఆ నడక నేను చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె పంచలో నులకమంచం మీద ఉంది.

కీళ్లవాతం. పొద్దున్నే ముడుచుకుపోయిన వేళ్లు విడివడటానికి గంట పైనే పట్టేది. అమ్మ వావిలాకు వేసి కాచిన నీళ్లు బేసినులో తెచ్చి మంచం పక్కన పెట్టేది. నాయనమ్మ అందులో మణికట్ల దాకా ముంచుకుని కళ్లు మూసుకునేది. రెండు అరచేతుల మధ్యా గ్లాసు ఇరికించుకుని కాఫీ తాగేది. జాకెట్టు హుక్కులు అమ్మ పెట్టాలి, జడ నేను అల్లాలి. అన్నం చెంచాతో తినాల్సి రావడమే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా ఉండేదనుకుంటాను. ఎవరైనా చుట్టాలు వస్తే వాళ్లు తిని లేచేదాకా ఆకలి లేదనేది.

గుంటూరు మీద ఆమెకు అంతులేని నమ్మకం. అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ 1883లో గుంటూరొచ్చి, ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం వైద్యం మొదలుపెట్టింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. నాన్న పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. పురుడు పోసుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి నర్సులు తన కులం అడక్కుండా ఒంటి మీద చెయ్యేసి పలకరించారని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఊరి మంచినీళ్ల బావిలో చేద వెయ్యనివ్వని రోజులవి. దేవుడు ప్రేమిస్తాడని తను పల్లెల్లో చెప్పిన మాటకి ఆ చేతులే సాక్ష్యమనేది. చేతుల గురించి ఆమె అంతగా తలపోయడం నాకు అప్పుడు వింతగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే మనసు పట్టేస్తుంది.

గుంటూరులోనే ఒక డాక్టరమ్మ ఆమె జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి సొంత కీళ్ల మీద పడుతుందనీ, మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుందనీ, పూర్తిగా పోయే మందు లేదనీ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఇచ్చిన ఆస్పిరిన్ మాత్రలకి నొప్పి కాస్త తగ్గేది, కడుపులో మాత్రం మంట పుట్టేది. అయినా ఆ రోజు నాయనమ్మ ఇంటికి తేలికపడ్డ మొహంతో వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. అప్పటిదాకా ఆ నొప్పికి అందరూ కట్టిన పేర్లు వేరు. ఎవరో చేతబడి అన్నారు. ఎవరో పూర్వీకుల శాపమన్నారు. మా సంఘంలోనే కొందరు, ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందన్నారు.

సాయంత్రాలు నాకు ఒక పని ఉండేది. నాయనమ్మ వేళ్లకి బైబిలు పేజీలు తిరిగేవి కావు. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని ఆమె మంచం పక్కన కూర్చుని పేజీలు తిప్పాలి, అడిగింది చదవాలి. ఆమెకు అన్నీ అంకెలతో గుర్తు. "ముప్పై ఎనిమిది తియ్యవే" అనేది. ఇంకో రోజు "ఆరు చదువు, మెల్లిగా." కీర్తనల గ్రంథంలో స్తుతులు ఎన్ని ఉన్నాయో మూలుగులూ అన్ని ఉన్నాయని నాకు అలా తెలిసింది. ఎముకలు అదరడం, కన్నీళ్లతో పరుపు తడవడం, ఎంతకాలమని దేవుణ్ణి నిలదీయడం, అన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. ఆదివారం బడిలో మాకు నేర్పే పాటల్లో ఇవేవీ ఉండేవి కావు.

88వ కీర్తన చదివిన మొదటి రోజు నాకు భయమేసింది. మిగతా మొరలు చాలావరకు చివర్లో కాస్త వెలుతురు వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. పేజీ అంటుకుపోయిందేమోనని వేలితో విడదీసి చూశాను. "అయిపోయింది నాయనమ్మా, ఇంకేం లేదు" అన్నాను. "తెలుసే. అందుకే అడిగింది. ఇలా ఏడ్చినవాడి మాట కూడా తీసెయ్యకుండా ఆయన తన పుస్తకంలో ఉంచుకున్నాడు చూడు" అంది.

ఆమె ఓర్చుకుందని అందరూ మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఆ మాట ఆమెకు సరిపోదనిపిస్తుంది. రాత్రిళ్లు ఆమె గట్టిగానే మూలిగేది. "ఎందుకయ్యా ప్రభువా, ఇంకెన్నాళ్లయ్యా" అని పక్కింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా దేవుడితో దెబ్బలాడేది. ఆ దెబ్బలాట వింటూ నిద్రపోయేదాన్ని. అవతల ఎవరో వింటున్నారన్న నమ్మకం లేకపోతే ఎవరూ అంతసేపు అలా అడగరు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమ ఎలా అయిపోయిందో అందరికీ తెలుసు. మా వైపూ గాలి ఇళ్లని వదల్లేదు. పేటలో గుడిసెలన్నీ లేచిపోతే జనమంతా గుళ్లో తలదాచుకున్నారు. తడిసిన గోడలు, చలి, కిందంతా నీళ్లు. నాయనమ్మకి మోకాళ్లు కుండల్లా వాచాయి. ఆ తర్వాత ఆమె మళ్లీ పట్టుకోకుండా నడవలేదు.

ఆ మరుసటి ఏడు మా అత్త ఆమెను బస్సెక్కించి పట్నంలో జరుగుతున్న స్వస్థత కూటాలకి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. వేలమంది జనం, మైకులు, నూనె సీసాలు. ప్రసంగీకుడు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించి, లేచి నడవమన్నాడు. ఆమె లేచింది, రెండడుగులు వేసింది, పడిపోబోతే అత్త పట్టుకుంది. విశ్వాసం చాలలేదని ఆయన మైకులోనే అన్నాడు. దారి పొడుగునా అత్త ఏడుస్తూనే ఉంది. నాయనమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చాక ఆ సాయంత్రం నా చేత యోబు గ్రంథం ఆఖరి అధ్యాయం తీయించింది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ యోబు పక్కన కూర్చుని నీ పాపం వల్లే నీకిలా అయిందని అన్ని అధ్యాయాల పాటు వాదిస్తారు. చివర్లో దేవుడు తన గురించి సరిగ్గా మాట్లాడింది మొరపెట్టుకున్న యోబే తప్ప వాళ్లు కాదంటాడు. అది చదివించుకుని "చాల్లే, మూసెయ్యి" అంది. మరుసటి ఆదివారం ఎప్పట్లాగే గుడికి వెళ్లింది. పౌలు కూడా తన ఒంట్లోని ముల్లు తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నాడనీ, అది పోలేదనీ, పౌలుకి విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా అనీ అయ్యగారినే అడిగింది. ఆయన తల వంచుకుని "అనరమ్మా" అన్నారు.

మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువలో ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. ఒక ఏడు నాలుగో మాట నాయనమ్మకి ఇచ్చారు. దేవుడు తన చెయ్యి వదిలేశాడేమని యేసు అడిగిన మాట అది. అందరూ చాపల మీద కూర్చుంటే ఆమె ఒక్కతే కుర్చీలో ఉంది. ఎక్కువేం చెప్పలేదు. "ఆయనకీ నొప్పి పుట్టింది. ఆయనా ఎందుకని అడిగాడు. ఆయనకి ఆ మాట కీర్తనల్లోంచే అందింది. నేనూ అదే అడుగుతున్నాను. ఆయన నడిచిన తోవలోనే ఉన్నాను గదా అనుకుంటాను" అని ఆపేసింది. కిటికీ దగ్గర నిలబడ్డ మగవాళ్లు కూడా పైగుడ్డతో కళ్లొత్తుకున్నారు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చాక నేనొకసారి అడిగాను, పునరుత్థానంలో నీ వేళ్లు తిన్నగా అవుతాయా అని. ఆమె చాలాసేపు ఆలోచించింది. "లేచాక కూడా ఆయన చేతుల్లో మేకుల గుర్తులు ఉన్నాయి గదే, తోమాకి చూపించాడు గదా. నావి ఎలా ఉంటాయో నాకేం తెలుసు. నొప్పి మాత్రం ఉండదు" అంది.

నేను ఇంటర్‌లో ఉండగా ఆమె పోయింది. నాకు నలభై దాటాక అదే జబ్బు వచ్చింది. ఇప్పుడు మెథోట్రెక్సేట్ ఉంది, వారానికి ఒక్క రోజే వేసుకుంటాను, అది ఆదివారం రాత్రి. నా వేళ్లు ఇంకా వంకర తిరగలేదు. ఆమెకు దొరకని మందు నాకు దొరికినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే వేస్తాను. మాత్రలు మానేసి విశ్వసించమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఇంటికొస్తుంటారు. కూర్చోబెట్టి కాఫీ ఇస్తాను, ప్రార్థన చేయించుకుంటాను, మాత్రలు మానను. బాగా నొప్పిగా ఉన్న రాత్రుళ్లు 88 తీసి పైకే చదువుతాను, చివరిదాకా.