వంగిన ఇనుము

మా యూరిని ఎవరును ఊరు అనరు; క్యాంపు అందురు. తుంగభద్ర ఎడమగట్టు కాలువ క్రింద, గంగావతి పరిసరములలో, గోదావరి, కృష్ణా, గుంటూరు మండలములనుండి వచ్చిన రైతులు పాకలు వేసికొని నిలిచిన చోట్లు నేటికిని క్యాంపులే. మా తాతగారు వచ్చిననాడు ఇది హైదరాబాదు రాష్ట్రము. 1956లో మైసూరు రాష్ట్రమున చేరినది; 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటక యైనది; 1997లో రాయచూరునుండి విడివడి మాది కొప్పళ జిల్లా యైనది. ఇన్ని మార్పులు జరిగినను మేము పాతిన గుంజ మాత్రము కదల్పలేదు.

తాతగారి వెంట రెండు జతల ఎడ్లు వచ్చెను. మరుసటి యేట ఒక కమ్మరి కుటుంబము వచ్చెను. కమ్మరి లేనిదే నాగలి సాగదని తాతగారే కబురంపి రప్పించిరట. ఆ కొలిమి నేటికిని మా వీధి చివర మండుచునే యున్నది. ఇప్పుడు దానిని నడుపువారు ఆనాటి కమ్మరి కుమారులు; మాకందరకును వారు ఆచారిగారు. తోలుతిత్తికి బదులు చిన్న కరెంటు మర వచ్చెనే కాని, దాగలి అదియే, సమ్మెట అదియే.

తాతగారి పొలము ముగ్గురు కొడుకులకును, వారినుండి మాకును పంచబడి చిన్న చిన్న మళ్ళయ్యెను. పెద్ద ట్రాక్టరు అందు దిగినచో దున్నుటకంటె మళ్ళుటకే ఎక్కువ చోటు కావలసియుండెను. అందుచే 2016లో 22 గుర్రముల బలముగల చిన్న ట్రాక్టరు నొకదానిని కొంటిమి. మూడేండ్లు అది మమ్ము ఏ విధముగను బాధింపలేదు.

2019 ఆగస్టులో కాలువకు నీరు వచ్చినది. నారు ముదురుచుండెను. మా తమ్ముడు దమ్ము చేయుచుండగా, బురదలో మునిగియున్న తూము రాతికి ఎడమ ముందుచక్రము బలముగా తగిలెను. ఇంజను ఆగలేదు. కాని కుడిచక్రము తూర్పు చూచుచుండ ఎడమచక్రము ఈశాన్యము చూడసాగెను.

ఈ భాగముల పొందిక తెలియని పాఠకుల కొరకు రెండు మాటలు. స్టీరింగు త్రిప్పినప్పుడు, దాని అడుగున నున్న పెట్టెలోని పండ్లచక్రములు ఒక చేతిని ముందువెనుకలకు ఊపును. ఆ చేయి ఒక కడ్డీని త్రోయును. ఆ కడ్డీ ఎడమచక్రమునకు బిగించిన ఉక్కుచేతిని త్రిప్పును. దీనినే మేస్త్రీలు స్టీరింగు ఆర్మందురు. అక్కడనుండి టై రాడ్డను అడ్డకడ్డీ కుడిచక్రమును తన వెంట కొనిపోవును. అడ్డకడ్డీ యనగా ఎడ్ల మెడపై కాడి వంటిది. కాడి చెడినచో ఎడ్లు చెరియొక త్రోవ పట్టును గదా! మా బండిలో కాడి విల్లువలె వంగెను. ఎడమ ఆర్ము కొంచెము మెలిపడెను.

క్రొత్త సామాను తెప్పించుటకు నాలుగు దినములు పట్టునని దుకాణమువారు చెప్పిరి. నాలుగు దినములలో నారు మరింత ముదిరిపోవును. మా పెదనాన్నగారు, "కర్రు వంగితే ఎన్నిసార్లు కొలిమిలో పెట్టించాం! దీనికేం వచ్చింది?" అనిరి. ఆ మాట మాకును నచ్చెను. ఆచారిగారు ఆ రెండింటిని చేతబట్టి చాలసేపు చూచి, "బాబుగారూ, ఇది కర్రు కాదండీ" అని మాత్రము అనిరి. మేమే పట్టుబట్టితిమి. ఈ సంగతి ఇచట దాచదలచలేదు.

ఆయన కడ్డీని, ఆర్మును ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాపు చేసి, కర్రుమొనకు పదును పెట్టినట్లు నీట ముంచిరి. చూచుటకు చక్కగా నుండెను. ఆనాటి సాయంకాలమే దమ్ము పూర్తియయ్యెను. పెదనాన్నగారు వీధి అరుగుపై కూర్చుండి ఆ ముచ్చటను ఇద్దరు ముగ్గురకు చెప్పుకొనిరి.

పదునొకండవ దినమున మా తమ్ముని కుమారుడు, పందొమ్మిదేండ్లవాడు, ఎరువు బస్తాలు వేసికొని కాలువగట్టుపై వచ్చుచుండెను. మలుపులో ఆర్ము విరిగెను. స్టీరింగు చేతిలో ఉత్తుత్తగా తిరుగుచుండ, బండి తనంత తాను నీటివైపునకు మళ్ళెను. గట్టున నరికివేసిన తుమ్మమొద్దు ఒకటి అడ్డుపడి దానిని ఆపెను. ఒక చక్రము కాలువపై వ్రేలాడుచుండెను. పిల్లవాడు నడచి యింటికి వచ్చి నీళ్ళు త్రాగి, తరువాత చెప్పెను. వాని తల్లి ఆనాడు మాతో మాటాడలేదు. ఆమె మాటాడియున్న మేమేమి బదులు చెప్పెడివారమో!

గంగావతిలో ట్రాక్టరు పనిచేయు సాహెబుగారి యొద్దకు విరిగిన ముక్కను తీసికొనిపోతిమి. ఆయన కన్నడమును ఉర్దూను కలిపి మాటాడుదురు. మా తెలుగు వారికి అర్థమగును. విరిగిన ముఖమును వెలుతురునకు త్రిప్పి చూపిరి. ఒక ప్రక్క తళతళలాడు తెల్లని గరుకు. అంచున నల్లబడిన సన్నని చార. "ఈ తెల్లది నిన్న తెగింది అణ్ణా. ఈ నల్లది నీళ్ళల్లో ముంచిన రోజే తెగింది" అని భావము. ఆర్మును మొదట కర్మాగారములో అచ్చుపోటుతో చేసి, కొలత ప్రకారము కాచి చల్లార్చి, గట్టితనమును సాగుడును సమముగా నిలుపుదురు. కొలిమిలో ఎర్రగా కాల్చినచో ఆ సమత పోవును. వెంటనే నీట ముంచినచో గాజువలె పెళుసగును, లోలోన చిట్లును. కర్రుమొన అరిగినచో మరల సాగగొట్టవచ్చును; విరిగినచో ఎడ్లు ఆగును. స్టీరింగు విరిగినచో ఆపుటకు ఏమియు లేదు.

తరువాతి రెండు దినములు మేము అచ్చటనే యుంటిమి. వంగినదానిని మాత్రమే మార్చుట చాలదని ఆయన అనిరి. చక్రమునకు తగిలిన దెబ్బ ఆర్మునకు, కడ్డీకి, పెట్టెకు వరుసగా పోవును. కావున ప్రతిదానిని విప్పి, కిరసనాయిలుతో తడిపి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి పూసిరి. చిట్లు ఉన్నచోట లోపల దాగిన నూనె సుద్దలోనికి ఊరి గీతగా తేలును. పెట్టె క్రింది చేయి శుభ్రముగా నుండెను. ఎడమచక్రపు ఇరుసు మొదట మాత్రము తలవెంట్రుకంత గీత తేలెను. అంతకుముందు మా కంటికి అది కానరాలేదు. దానిని చూచిన తరువాత మేము ధర అడుగలేదు.

అడ్డకడ్డీ సంగతి వేరు. గొట్టమువంటి కడ్డీ కొలదిగా వంగి, మడత పడకయున్నచో, వేడి చేయక ప్రెస్సులో నొక్కి సరిచేయుట కలదు; వారును అట్లు చేసినవారే. కాని ఒకసారి నిప్పు చూచినదానిని ముట్టమనిరి. క్రొత్త కడ్డీ, క్రొత్త ఆర్ము, క్రొత్త ఇరుసు, బాల్ జాయింట్లు అమరినవి. పాత కాటర్ పిన్నులను ఏరి పారవేసిరి.

అటుపై చక్రముల చూపు దిద్దుట. ముందుచక్రములు వెనుక అంచులకంటె ముందు అంచుల వద్ద కొంచెము దగ్గరగా నుండవలయును. మా బండి పుస్తకములో 2 నుండి 6 మిల్లీమీటర్లని యున్నది. ఇరుసు ఎత్తున రెండు చక్రముల ముందు అంచులపై సుద్దగుర్తులు పెట్టి, నడుమ దూరమును టేపుతో కొలిచి, గుర్తులు వెనుకకు వచ్చువరకు బండిని సగము చుట్టు త్రోసి, మరల కొలిచిరి. అవే గుర్తులతో రెండుసార్లు కొలుచుటచే చక్రపు వంకర లెక్కలోనికి రాదు. కడ్డీని త్రిప్పుచు, కొలుచుచు, నాలుగవసారికి 4 మిల్లీమీటర్లు కుదిరెను. మా తమ్ముని కుమారుడే టేపు రెండవ కొస పట్టుకొనెను.

ఆచారిగారు ఈ సంగతి విని మా యింటికి వచ్చిరి. ఆయన తప్పు లేదని మేము చెప్పినను వినక, విరిగిన ముక్కను అడిగి తీసికొనిపోయి, కొలిమి పైని వాసమునకు తీగతో కట్టిరి. ఇప్పుడెవరు ట్రాక్టరు ఇనుము తెచ్చినను, "ఇది దున్నేదా, తిప్పేదా?" అని అడుగుదురు. తిప్పునదైనచో గంగావతి త్రోవ చూపుదురు. ఆ బేరము పోవుట ఆయనకు తేలిక కాదు. నాగళ్ళు పోయిన క్యాంపులో కొలిమికి పనియే తక్కువ.

పెదనాన్నగారు చాలనాళ్ళు ఆ వీధి చివరకు పోలేదు. మరుసటి జ్యేష్ఠములో గొర్రుపళ్ళు రెండు చంకబెట్టుకొని తామే వెళ్ళిరి. ఆచారిగారు వానిని ఇటునటు త్రిప్పి చూచి, "ఇవి ఫరవాలేదండీ, ఇటివ్వండి" అని మర ఆడించిరి.