పిలుపునకై నిరీక్షణము



రోగికి సేవ చేయుట మనకు క్రొత్త గాదు. పథ్యము వండుట, వేళకు మందిచ్చుట, రాత్రులు మేలుకొనుట, ఇవి పుట్టింట నేర్చినవే. కాని యెన్నడు వచ్చునో, అసలు వచ్చునో రాదో తెలియని మేలుకొఱకు ఏండ్ల తరబడి కనిపెట్టుకొనియుండుట మాత్రము మాకు మా తండ్రిగారి రోగమువలననే తెలిసినది. వారికి రెండు మూత్రపిండములును చెడిపోయినవి. పరుల మూత్రపిండ మొకటి దొరకుటకై వేచియున్నారు. ఇది మూడవ యేడు.

మా పుట్టిల్లు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములను జనులీ పేరనే పిలుతురు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఎండ నేలను తాకని చోటు. అట్టి చోట ఇరువది యేండ్లకు పైబడి మూత్రపిండములను మెల్లమెల్లగా హరించు రోగము పాతుకొనియున్నది. నొప్పి లేదు, జ్వరము లేదు. కాళ్లు వాచి, అన్నము సయింపక వైద్యునికడకు పోవునాటికి చేయవలసిన చెఱుపంతయు చేసియుండును. నీరా, నేలయా, ఎండలో పాటుపడుటయా, పురుగుమందులా, కారణమిదియని యింకను తేలలేదు. 2023వ సంవత్సరమున పలాసలో మూత్రపిండ రోగులకై ప్రత్యేకముగా ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును వెలసినవి. మా వారు ఆ యూరనే ఉపాధ్యాయులగుటచే తల్లిదండ్రులను మా యింటనే యుంచుకొన్నారము. కూతురింట నిన్నాళ్లు తినుట మా తండ్రిగారికి కష్టముగానే యున్నది. అల్లుని యెదుట కంచము ముందు కూర్చుండుటకు నేటికిని సంకోచింతురు.

వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటలు డయాలసిస్ యంత్రము వారి రక్తమును కడుగును. ఇందులకై ఎడమచేతిలో ఒక ధమనిని సిరతో కలిపి కుట్టిరి. ఆ చోట అరచేయి యానించినచో తంబురా తీగె మ్రోగి యాగిన పిమ్మట మిగులు కదలికవంటి దొకటి తెలియును. అది యాగరాదు. ఆ చేతికి రక్తపోటు చూడరాదు, సూది పొడువరాదు, బరువెత్తరాదు. మా తల్లిగారు ప్రతియుదయము స్నానము చేసి, దీపము పెట్టుటకు ముందు, ఆ చేయి పట్టుకొని ఒక నిమిషము నిలుచుందురు. అప్పుడు వారితో మాటలాడరాదు.

వంటయింటి సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. తెలియక నష్టపడినవారిని చూచితిమి. మా తండ్రిగారికి వైద్యులు దినమునకు ముప్పాతిక లీటరు నీరు విధించిరి. ఇది యందఱికి నొక్కటి గాదు; మూత్రమెంత వచ్చునో దానినిబట్టి వైద్యుడు చెప్పవలెను. మేము ఉదయముననే అంత నీరు ఒక సీసాలో పోసి యుంచుదుము. కాఫీ యిచ్చినచో అంత నీరు సీసానుండి తీసి తులసికోటలో పోయుదుము. మజ్జిగకు నట్లే, చారునకు నట్లే, మాత్ర మ్రింగిన గ్రుక్కకు నట్లే. సీసా యెదుట నుండుటచే వాదములేదు. దాహము నడచుటకు మొదట నడచవలసినది ఉప్పు. ఊరగాయ, అప్పడము, ఉప్పుచేప గడప దాటి రాకున్న సగము దాహము తగ్గును. అంగళ్లలో తక్కువ సోడియమని అమ్ము ఉప్పు కొనకుడు. అందు పొటాసియము కలియును, అది యిట్టి రోగికి ప్రాణాపాయము. కూరగాయలను సన్నగా తరిగి, విస్తారమైన నీటిలో నుడికించి, గంజి వార్చినట్లు ఆ నీరు వార్చి, పిమ్మట పోపు పెట్టుదుము. రుచి పోవునుగాని పొటాసియము కొంత పోవును. అరటిపండు కూడదు. కొబ్బరినీరు కూడదు. రెండువందల కొబ్బరిచెట్లు నాటి పెంచిన మనుష్యునికి కొబ్బరినీరు కూడదు! తోటనుండి వచ్చు బొండములను వారే కొట్టి మా పిల్లలకిచ్చి, త్రాగుచుండగా చూచుచుందురు.

చిన్ననాడు మమ్ము బడికి పంపక, తామే ఎదుట కూర్చుండబెట్టుకొని భారతము చెప్పిరి. ఆదిపర్వమున యయాతి తన ముసలితనమును పుచ్చుకొని యౌవనమిమ్మని కొడుకులను ఒక్కొక్కరినే యడుగును. నలువురు కాదందురు, పూరుడొక్కడు ఇచ్చును. ఆ కథ వచ్చినపుడెల్ల మాకు యయాతిపై కోపము. మా తండ్రిగారు యయాతి గారు. మేమిచ్చెదమన్నప్పుడు మూడు దినములు మాతో మాటలాడలేదు. మా వారు మాత్రము వెంటనే సంతకము చేసెదననిరి. కాని వారి రక్తము ఓ వర్గము, మాది బి. మాది వారికి పనికిరాదు. మావంటి మఱియొక కుటుంబముతో ఇచ్చిపుచ్చుకొను పద్ధతి యొకటి కలదు. మాకు తగిన జత దొరకలేదు. మా తల్లిగారికి మధుమేహము.

ఇచ్చట నొకమాట. మన దేశమున బ్రదికియుండి మూత్రపిండమిచ్చువారిలో స్త్రీలే యెక్కువ. పుచ్చుకొనువారిలో పురుషులే యెక్కువ. భార్య యిచ్చినచో ధర్మమనియు, భర్త యిచ్చినచో త్యాగమనియు లోకము చెప్పుకొనును. ఈ తూకము మాకు నచ్చదు. ఇష్టపడి యిచ్చుట వేఱు, ఎదురుచెప్పలేక యిచ్చుట వేఱు.

మిగిలినవాడు మా తమ్ముడు. వానిది ఓ వర్గమే. తండ్రికి చెప్పకయే పరీక్షలకు వచ్చెను. నాలుగవ దినమున వైద్యుడు మమ్ము లోనికి పిలిచి, ఇచ్చుట మాట యటుండ, ఈతని మూత్రపిండములే కొంత దెబ్బతినియున్నవని చెప్పిరి. ముప్పదియొక యేండ్లవాడు, చెట్టెక్కి కాయ దింపువాడు. పూరుడు వచ్చెను గాని యిచ్చుటకు యౌవనము వానికడ లేకపోయెను. ఈ వార్త తండ్రిగారికి మేమే చెప్పితిమి. వారు చాలసేపటికి, “తోట నూతినీళ్లు వాడి చేత నేనే తాగించాను,” అనిరి. కారణ మెవరికిని తెలియదని చెప్పితిమి. విన్నారో లేదో.

బ్రదికియున్నవారి త్రోవ యిట్లు మూసికొనగా మృతులనుండి వచ్చుదానికై పేరు వ్రాయించితిమి. బోస్టనులో 1954లో కవలసోదరు డిచ్చిన మూత్రపిండముతో మొదటి మార్పిడి సఫలమైనది. మన దేశమున 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగినది. గుండె కొట్టుకొనుచున్నను మెదడు పూర్తిగా మరణించినచో అది మరణమేయని 1994 నాటి కేంద్రశాసనము గుర్తించినది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జీవన్‌దాన్ ఆరంభమై, విభజన పిమ్మట రెండు రాష్ట్రములందును వేర్వేరుగా నడుచుచున్నది. పేరు వరుసలో నుండును, రక్తవర్గము కలియవలెను. ఓ వర్గమువారికి ఓ వర్గపుదే పనికివచ్చును గాన వారి వేచియుండుట సాధారణముగా దీర్ఘతరము.

గడచిన కార్తికమున ఒకరాత్రి పదునొకండు గంటలకు ఫోను మ్రోగెను. ఒక మూత్రపిండ మున్నది, మీరు వరుసలో రెండవవారు, ఏమియు తినక విశాఖపట్టణము రండనిరి. మూట సిద్ధముగనే యుండును: కాగితములు, రెండు పంచెలు, మందులు. తెల్లవాఱకముందే చేరితిమి. మొదటివానికి రక్తము సరిపడినది. మమ్ము తిరిగి పొమ్మనిరి. కారులో మా తల్లిగారు ఏడ్చుచుండగా తండ్రిగారు, “ఊరుకో. ఆ యిచ్చినవారింట ఈ రాత్రి పొయ్యి రాజలేదు కదా,” అనిరి.

అంతవరకు మేమందఱము ఫోను మ్రోగవలెనని మ్రొక్కుచుంటిమి. ఆ మ్రొక్కునకు మఱియొక యింట నెవరో పోవలెనను అర్థమున్నదని యెఱిగియు ఎఱుగనట్లుంటిమి. పోవునది మన మ్రొక్కువలన గాదు. పోయిన పిమ్మట వారి తల్లియో భార్యయో అట్టి ఘడియలో సరేయనుట మాత్రము గొప్ప సంగతి. మా తల్లిగారు ఇప్పుడు పేరెఱుగని యా యింటివారి కొఱకును ఒక వత్తి వేయుదురు. మేమును మా వారును మరణానంతర దానమునకు పేర్లు వ్రాయించి, ఆ సంగతి మా అత్తగారికిని చెప్పితిమి. వ్రాసియున్నను ఆ వేళ ఇంటివారినే యడుగుదురు. అత్తగారు మొదట చెవులు మూసికొనిరి. మఱునాడు, కన్నులు గూడ తీసికొందురా యని యడిగిరి.

తమ్ముడు మూడు నెలలకొకసారి రక్తపరీక్షకు పలాస వచ్చును. ఇప్పటివరకు అంకె యెక్కువ పెరుగలేదు. ఆ దినమున తండ్రిగారు డయాలసిస్ నుండి వచ్చి, వడ్డించితిమని పిలిచినను లేవక, కాగితము వచ్చువరకు వీథియరుగుపైననే కూర్చుందురు.