డిక్కీలో స్టెప్నీ ఉందా?

‘‘స్టెప్నీ ఏదిరా?’’

2023 జులై. అమెరికాలో డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లే హైవే. మధ్యాహ్నం రెండు గంటలు, నలభై డిగ్రీల ఎండ. రోడ్డు వారన ఆగిపోయిన పాత మస్టాంగ్ కారు డిక్కీలోకి తొంగిచూస్తూ ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న అది. డిక్కీ నిండా సూట్‌కేసులే. స్టెప్నీ మాత్రం ఇంట్లో, గ్యారేజీ గోడకు ఆనించి ఉంది.

కొడుకు నోట మాట రాలేదు. కారులో ఏసీ లేదు. టో ట్రక్ వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా అమ్మకు కళ్లు తిరిగాయి. దారినపోయే ఎవరో కారు ఆపి చల్లటి నీళ్లిచ్చారు. పెద్దాయన భార్య తలకు తడిగుడ్డ అద్దుతూ కూర్చున్నారే తప్ప కొడుకును ఒక్క మాటా అనలేదు. ఇల్లు చేరాక మాత్రం అడిగారు: ‘‘సామాన్లు పట్టలేదని స్టెప్నీ తీసేస్తారట్రా ఎవరైనా?’’

ఆయన అడగ్గల మనిషే. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు పంక్చర్ షాపు నడిపారు. ఆ డబ్బుతోనే కొడుకు ఇంజినీరింగ్ చదివాడు. కాలేజీ ఫారాల్లో తండ్రి వృత్తి అన్నచోట మాత్రం ‘బిజినెస్’ అని రాసేవాడు. ఉద్యోగం స్థిరపడగానే నాన్నతో షాపు మూయించాడు. యాభయ్యేళ్లు దాటాక, తాను పుట్టిన 1966లోనే తయారైన ఫోర్డ్ మస్టాంగ్‌ను ముచ్చటపడి కొనుక్కున్నాడు.

ఆ కారుతో ఒక చిక్కుంది. దానికి పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. మామూలు సైజు స్టెప్నీని దానిమీద పడుకోబెడితే సగం డిక్కీ దానికే సరి. అందుకే తీసేశాడు. ఇప్పటి కార్లలో వచ్చే సన్నటి చిన్న స్టెప్నీ అయితే చోటు కలిసొస్తుంది. కానీ అరవై ఏళ్ల నాటి కారుకు సరిపడేది ఎక్కడ దొరుకుతుంది?

‘‘వెతికితే దొరక్కేం? కొలతలు పట్టుకెళ్దాం పద’’ అన్నారు పెద్దాయన.

మర్నాడు కారును జాకీ మీద లేపించి, ముందు చక్రం ఊడదీయించారు. పిల్లలు తినే సీరియల్ డబ్బా అట్టను హబ్బు మీద పెట్టి గట్టిగా అదిమారు. అయిదు బోల్టుల అచ్చు, నడిమి రంధ్రం అచ్చు దిగాయి. పక్కపక్క బోల్టుల మధ్యల నడుమ దూరం 67 మిల్లీమీటర్లు. కొడుకు లెక్క కట్టి చూస్తే, అయిదు బోల్టులూ 114.3 మిల్లీమీటర్ల వలయం మీద ఉన్నాయని తేలింది. టైరు మొత్తం ఎత్తు దాదాపు 65 సెంటీమీటర్లు. ఇవన్నీ అట్టమీదే రాసుకుని, ఇద్దరూ తుక్కు కార్ల యార్డుకు బయల్దేరారు. అక్కడ ఎవరికి కావలసిన భాగం వాళ్లే ఊడదీసుకోవచ్చు.

కొడుకు నేరుగా 1980ల నాటి మస్టాంగ్ దగ్గరికి వెళ్లాడు. అదే కంపెనీ, అదే పేరు... ఇంకేం కావాలి? పెద్దాయన అట్ట పెట్టి చూసి నవ్వారు. దానికి నాలుగే బోల్టులు! ‘‘గుర్రం బొమ్మ ఒకటేగానీ గిట్టలు వేర్రా’’ అన్నారు.

రెండోది వేరే కారుది. అయిదు రంధ్రాలూ అట్టమీద అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. టైరు మీద ‘టి 125/70 డి 15’ అని ఉంది. ‘టి’ అంటే తాత్కాలికం. 125 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము. లెక్క కడితే మొత్తం ఎత్తు 56 సెంటీమీటర్లే. అంటే కారు చక్రం కన్నా తొమ్మిది సెంటీమీటర్లు పొట్టి. వేస్తే కారు ఓ పక్కకు ఒరుగుతుంది. అదే వెనక చక్రాలకైతే, ఒకటి వేగంగా ఒకటి నిదానంగా తిరిగి డిఫరెన్షియల్‌కు చేటు. అదీ వద్దన్నారు.

మూడో గంటకు దొరికింది... ‘టి 145/80 డి 16’. రంధ్రాలు కుదిరాయి. ఎత్తులో ఒక్క సెంటీమీటరే తేడా. టైరు పక్కన తయారీ తేదీ తెలిపే నాలుగంకెలూ చదివించుకున్నారు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మరీ పాతది కాదు. అయినా గోళ్లతో రబ్బరు నొక్కి, పగుళ్లు లేవని నమ్మాకే సరేనన్నారు.

డబ్బు కట్టేచోట పెద్దాయన ‘స్టెప్నీ’ అంటే అక్కడి కుర్రాడికి అర్థం కాలేదు. మన దగ్గర లారీ క్లీనరుకు కూడా తెలిసిన ఆ మాట నిజానికి ఇంగ్లిషు మాటే. బ్రిటన్‌లోని వేల్స్‌లో లానెల్లీ అనే ఊరుంది. అక్కడి స్టెప్నీ వీధిలో 1904 ప్రాంతంలో డేవిస్ సోదరులు ఒక ఉపాయం కనిపెట్టారు. అప్పట్లో కార్లతోపాటు అదనపు చక్రం వచ్చేది కాదు. పంక్చరైతే రోడ్డు మీదే బాగుచేసుకోవాలి. వాళ్లు టైరు తొడిగిన, ఆకులు లేని రిమ్మును తయారుచేశారు. దాన్ని పంక్చరైన చక్రానికే బిగించి, ఎలాగోలా ఊరు చేరేవారు. అంటే తొలి స్టెప్నీ కూడా తాత్కాలికమే! వీధి పేరు మన నోళ్లలో వస్తువు పేరై నిలిచింది.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష. ‘‘రోడ్డు మీద కాదు, ఇంట్లోనే బిగించి చూడాలి’’ అన్నారు పెద్దాయన. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులున్నాయి. రిమ్ము వాటికి తగులుతుందేమోనని బిగించి, చేత్తో తిప్పి చెవి ఒగ్గి విన్నారు. స్టీరింగ్ ఆ కొసకీ ఈ కొసకీ తిప్పించారు. తర్వాత వెనక చక్రం చోట బిగించి చూశారు. నట్ల అంచులు రిమ్ము గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో తడిమారు. ఎక్కడా రాపిడి లేదు.

చివరగా గాలి. మామూలు టైరుకు ముప్ఫై చిల్లర చాలు. దీనికి అరవై పౌండ్లు పట్టాలి. వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. వెనక చక్రం పంక్చరైతే ముందుదాన్ని తీసి వెనక్కి వేసి, ఈ చిన్నదాన్ని ముందు పెట్టమన్నారు. ‘‘ఇది ఊళ్లు తిరగడానికి కాదు, పంక్చర్ షాపు దాకా వెళ్లడానికి. అంతవరకే దాని పని’’ అన్నారు.

మన దేశంలోనూ ఇప్పుడు చాలా కార్లకు చిన్న స్టెప్నీయే వస్తోంది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు 2020 అక్టోబరు నుంచి అసలు స్టెప్నీయే తప్పనిసరి కాదు. ఉన్నవాళ్లలోనూ దానికి గాలి కొట్టించేవాళ్లు ఎందరు?

అమ్మానాన్నలు విజయవాడ తిరిగి వెళ్లిపోయిన కొన్ని వారాలకు, పాత కార్ల వాళ్లంతా కలిసే ఆదివారంనాడు మస్టాంగ్ డిక్కీ చూసి ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఇంత సరిగ్గా కుదిరేది ఎవరు వెతికిపెట్టారని అడిగాడు.

‘‘మా నాన్న’’ అన్నాడతను. ఒక్క క్షణం ఆగి, ‘‘పంక్చర్ షాపు నడిపేవారు’’ అన్నాడు.

ఆ రాత్రి ఫోన్లో ఆ ముచ్చట చెప్పాడు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎప్పటి ప్రశ్నే... ‘‘సరేగానీ, స్టెప్నీలో గాలి చూశావా?’’