ఒక్కపూట వైరం

ఏనుగుకీ ఒంటెకీ పరుగుపందెం పెడితే ఏది గెలుస్తుంది? కాలిఫోర్నియాలోని పసడెనా ఊరివాళ్ళు నూరేళ్ళకు ముందే ఈ సంగతి తేల్చేశారు. ఏనుగే గెలిచింది.

ఆ పందెం ఎందుకు పెట్టాల్సొచ్చిందో తెలిస్తే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ ముగిశాక ఆడే ‘బౌల్’ ఆటల స్వభావం సగం అర్థమైనట్టే. దేశం సగం మంచులో కూరుకుపోయిన రోజుల్లో తమ ఊళ్ళో గులాబీలు పూస్తున్నాయని చాటుకోవడానికి పసడెనా పెద్దమనుషులు 1890లో కొత్త సంవత్సరం నాడు పూలబండ్ల ఊరేగింపు మొదలుపెట్టారు. ఊరేగింపుకి జనం ఇంకా రావాలని 1902లో దానికి ఫుట్‌బాల్ ఆట జోడించారు. ఎక్కడో ఉత్తరాన ఉన్న మిషిగన్ జట్టు రైల్లో దిగి, కాలిఫోర్నియాకే చెందిన స్టాన్‌ఫర్డ్ జట్టుని 49-0తో ఉతికి ఆరేసింది. ఆట పూర్తికాకుండానే స్టాన్‌ఫర్డ్ వాళ్ళు దణ్ణం పెట్టేశారు. నిర్వాహకులకు ఫుట్‌బాల్ మీద మనసు విరిగిపోయింది. తర్వాతి సంవత్సరాల్లో పోలో ఆడించారు, రోమన్ల రథాల పందేలు పెట్టారు, ఉష్ట్రపక్షులను పరిగెత్తించారు. ఏనుగూ ఒంటే ఆ వరసలోవే. చివరికి 1916లో ఫుట్‌బాల్‌ని మళ్ళీ పిలిచారు. అదే రోజ్ బౌల్. ఈ జాతి ఆటల్లో అన్నిటికన్నా పాతది.

ముందు పండగ, తర్వాతే ఆట. జనం రావాలి, హోటళ్ళు నిండాలి, ఊరి పేరు పత్రికల్లో పడాలి. మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్ రెండూ 1935 జనవరి ఒకటినే పుట్టాయి. ఆర్థికమాంద్యం నడుమ, చలికాలంలో యాత్రికుల్ని రప్పించుకోవడానికి. ఇప్పుడైతే డిసెంబరు నడిమి నుంచి జనవరి మొదటి రోజుల దాకా నలభై దాకా ఇలాంటి ఆటలు జరుగుతాయి. సీజన్లో ఆరు ఆటలు గెలిస్తే చాలు, సాధారణంగా ఏదో ఒక ఊరి నుంచి పిలుపు వస్తుంది. ఈ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదని వేరే చెప్పక్కర్లేదు. బంతి కోలగా ఉంటుంది, కాలికి తగిలేది అరుదు.

కాలేజీ ఫుట్‌బాల్‌లో అసలు సిసలు పగలు వేరే ఉన్నాయి. అవి నవంబరులో తీరుతాయి. మిషిగన్‌తో ఆట ఉన్న వారం ఒహాయో స్టేట్ ఆవరణలో బోర్డుల మీద ‘ఎం’ అక్షరం కనిపిస్తే చాలు, ఎర్రటి టేపు అడ్డంగా అంటిస్తారు. శత్రువు పేరులో మొదటి అక్షరం కంటపడకూడదు! ఇది ముచ్చటగానే ఉంటుంది. అలబామా రాష్ట్రంలో మాత్రం ముచ్చట ముదిరి పాకాన పడింది. ఆబర్న్ జట్టు గెలిచినప్పుడల్లా దాని అభిమానులు టూమర్స్ కార్నర్ అనే కూడలిలోని ఓక్ చెట్ల మీదికి టాయిలెట్ పేపరు చుట్టలు విసిరి పండగ చేసుకుంటారు. 2010లో అలబామా జట్టు ఆబర్న్ చేతిలో ఓడిన కడుపుమంటతో ఒక అలబామా అభిమాని ఆ ముసలిచెట్లకు కలుపుమందు పోశాడు. పోసినవాడు ఊరుకోక రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. చెట్లు బతకలేదు. 2013లో కొట్టేయాల్సి వచ్చింది. అయితే ఆ చెట్ల కోసం చందాలు పోగుచేసిన వాళ్ళలో అలబామా అభిమానులూ ఉన్నారని చెప్పకపోతే పాపం.

బౌల్ ఆటలో ఇంత విషం ఉండదు. ఉండటానికి సరుకే లేదు. ఎక్కడో తూర్పు జట్టు, ఎక్కడో పడమటి జట్టు. ఒకరి మొహం ఒకరు పదేళ్ళకోసారి చూస్తారో లేదో. పాత బాకీలు లేవు, పొలం గట్టు తగాదాలు లేవు. మూడో ఊళ్ళో, ఎవరికీ సొంతం కాని మైదానంలో, రెండు రంగుల చొక్కాల జనం ఒకరి ఎదురుగా ఒకరు దిగుతారు. వారంలో వైరం పుట్టించాలి, ఒక్క మధ్యాహ్నంలో తీర్చుకోవాలి. పెళ్ళిపందిట్లో వియ్యాలవారి సంగతి చూడండి. నిన్నటి దాకా ముక్కూమొహం తెలియని రెండు కుటుంబాలు. ముహూర్తం దగ్గరపడేసరికి మగపెళ్ళివారి కాఫీలో పంచదార లేదని ఒకరు, ఆడపెళ్ళివారి పప్పులో ఉప్పు లేదని ఇంకొకరు. అలకలు, బిందెలో ఉంగరాలు, వెక్కిరింపు పాటలు. ఆ కయ్యం లేకపోతే పెళ్ళి చప్పగా ఉంటుంది, కానీ దానితో ఎవరి తలా పగలదు. బౌల్ ఆట కయ్యం అచ్చం ఆ జాతిదే.

మా ఇంట్లోనే చూస్తుంటాను. మేముండే ఫ్రిస్కో డాలస్ పక్క ఊరు. ఏ వీధిలో నిలబడి ‘ఏమండీ’ అన్నా ఇద్దరు వెనక్కి తిరుగుతారు. మా తోడల్లుడు ఎం.ఎస్. చదివింది నార్మన్‌లోని ఓక్లహోమా యూనివర్సిటీలో. మా అమ్మాయి ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ. ఆ రెండు జట్లూ ఏటా అక్టోబరులో డాలస్ కాటన్ బౌల్ స్టేడియంలో తలపడతాయి (స్టేడియం పేరే తప్ప అది బౌల్ ఆట కాదు). పక్కనే రాష్ట్ర జాతర. స్టేడియం సరిగ్గా సగానికి చీలి ఒకవైపు కాల్చిన ఇటుక లాంటి నారింజ రంగు, ఇంకోవైపు ముదురెరుపు. టెక్సస్ వాళ్ళు చూపుడువేలూ చిటికెనవేలూ పైకెత్తి ఎద్దుకొమ్ముల గుర్తు పెడతారు. ఓక్లహోమా వాళ్ళు అదే గుర్తుని తలకిందులు చేసి చూపిస్తారు. మా తోడల్లుడు సత్యనారాయణ వ్రతం ఫోటోలో కూడా కొమ్ములు కిందికే దింపి నిలబడ్డాడు. దంపతుల పీటల వెనక చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది.

2025 జనవరి ఒకటిన అట్లాంటాలో పీచ్ బౌల్. టెక్సస్ ఆడుతున్నది అరిజోనా స్టేట్‌తో. ఓక్లహోమాకి ఆ ఆటతో ఏ సంబంధమూ లేదు. అయినా మా తోడల్లుడు పొద్దున్నే అరిజోనా స్టేట్ చొక్కా తొడుక్కుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చొక్కాకి ఇంకా ధర చీటీ వేలాడుతోంది.

“ఇదెప్పుడు పుట్టిందండీ ఈ భక్తి?” అన్నాను.

“ఈ పూటకేలే అన్నయ్యా. రేపు చొక్కా వాపసు ఇచ్చేస్తాను, రసీదు దాచాను,” అన్నాడు.

“బాబాయ్, ఓడిపోతే ఏం చేస్తావ్?” అని మా అమ్మాయి నిలదీసింది. గోంగూర మటన్ వండి, గిన్నెలు కూడా తనే తోముతానని పందెం ఒప్పుకున్నాడు.

నాలుగో పావులో ఒకప్పుడు టెక్సస్ 24-8తో ముందుంది. మా అమ్మాయి గోంగూర కట్టలు తీసి బల్ల మీద పెట్టేసింది. అక్కడి నుంచి అరిజోనా వాళ్ళు లేచారు. స్కాటిబో అనే వాళ్ళ ఆటగాడు పక్కకి వెళ్ళి వాంతి చేసుకుని మరీ వచ్చి మీదపడ్డాడు. ఆట 24-24 దగ్గర ఆగి అదనపు సమయంలోకి వెళ్ళింది. అక్కడ టెక్సస్‌కి ఆఖరి ప్రయత్నం, పదమూడు గజాలు కావాలి, రాకపోతే ఇంటికే. బంతి గాల్లోకి లేచి ఇరవై ఎనిమిది గజాల అవతల గీత దాటింది. రెండో అదనపు సమయంలో 39-31తో టెక్సస్ గెలిచింది. గోంగూర మటన్ బాగానే కుదిరింది. గిన్నెల విషయంలో మాత్రం మా మరదలు జోక్యం చేసుకుంది.

అభిమానం అరువు తెచ్చుకోవచ్చునని బౌల్ ఆటలు నేర్పుతాయి. డబ్బు కూడా తీసుకెళ్ళి పంచి రమ్మంటాయి. దక్షిణ కరోలినాలోని క్లెమ్సన్ అభిమానుల ఆచారం నాకు భలే ఇష్టం. 1977లో పొరుగున అట్లాంటాలో ఉన్న జార్జియా టెక్ ఇకమీదట మీతో ఆడమంటూ తెగతెంపుల మాట ఎత్తింది. క్లెమ్సన్ వాళ్ళు ధర్నా చెయ్యలేదు. బ్యాంకులకు వెళ్ళి రెండు డాలర్ల నోట్లు అడిగారు. ఆ నోటు చలామణిలో అరుదు, చేతికొస్తే ఎవరైనా ఒకసారి తిప్పి చూస్తారు. నోటు మీద నారింజ రంగు పులిపంజా ముద్ర గుద్ది, అట్లాంటా హోటళ్ళలో, తిండిశాలల్లో, పెట్రోలు బంకుల్లో ఆ నోట్లే ఖర్చుపెట్టారు. మేం రాకపోతే మీ ఊరికి ఎంత నష్టమో లెక్క చూసుకోండి అని చెప్పడం అన్నమాట. అప్పటి నుంచి వాళ్ళ జట్టు ఏ బౌల్‌కి వెళ్ళినా ఆ ఊరి గల్లాపెట్టెల్లో పులిపంజా నోట్లు చేరతాయి. బౌల్ నిర్వాహకులకు ఇంతకన్నా బాగా అర్థమయ్యే భాష ఇంకొకటి లేదు.

ఇక తిండి. రోజ్ బౌల్‌కి వచ్చిన రెండు జట్లకీ ఆటకు ముందు బెవర్లీ హిల్స్‌లోని లారీస్ అనే హోటల్ 1956 నుంచి ఏళ్ళ తరబడి బీఫ్ విందు పెట్టింది. ఏ జట్టు ఎన్ని పౌండ్లు తిన్నదో ఒకప్పుడు లెక్కకట్టి చెప్పుకునేవారు. ఆడబోయే రాష్ట్రాల గవర్నర్లు, మేయర్లు తమ ఊరి ఫలహారాలు పందెం కాస్తారు. ఓడినవాళ్ళు పంపించాలి. షార్లెట్ నగరంలో మయొనైజ్ తయారీదారుల పేరిట ఒక బౌల్ ఉంది. గెలిచిన జట్టు కోచ్ నెత్తిన పెద్ద డబ్బాడు మయొనైజ్ కుమ్మరిస్తారు, అందుకు ఒప్పుకున్నందుకు ఆయన చెప్పిన ధర్మకార్యానికి 10,000 డాలర్లు ఇస్తారు. 2021లో దక్షిణ కరోలినా కోచ్ షేన్ బీమర్ ఈ అభిషేకం చేయించుకున్నాడు. ఓర్లాండోలో పాప్-టార్ట్స్ అనే, టోస్టర్లో వేడిచేసుకునే తీపి ఫలహారం పేరిట ఉన్న బౌల్ ఇంకో మెట్టు పైన. 2023లో ఆట అయ్యాక, పాప్-టార్ట్ వేషం వేసుకున్న మనిషి చేతులూపుకుంటూ పెద్ద టోస్టర్లోకి దిగిపోయాడు. కింది నుంచి నిజంగా తినగలిగే పాప్-టార్ట్ బయటికొచ్చింది. గెలిచిన కాన్సస్ స్టేట్ కుర్రాళ్ళు దాన్ని పీక్కుతిన్నారు.

ఇదంతా వట్టి ప్రకటనల గోల అనే పెద్దలున్నారు. నిజమే, గోలే. కానీ పసడెనాలో పూలబండ్లు మాత్రం ప్రకటన కాక మరేమిటి? వాళ్ళ ఇంకో ఫిర్యాదులో బరువుంది. జాతీయ విజేతను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్ 2024 సీజన్లో మొదలయ్యాక మిగిలిన బౌల్స్ ఆడినా ఆడకపోయినా ఒకటే అయ్యాయి. వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరబోయే మంచి ఆటగాళ్ళు దెబ్బలు తగులుతాయని ఆడటమే మానేస్తున్నారు. 2016 డిసెంబరులో క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ, లెనార్డ్ ఫోర్నెట్ అలా తప్పుకున్నప్పుడు గగ్గోలు పుట్టింది, ఇప్పుడు అది వార్తే కాదు. నా మటుకు, పందెంలో ఏమీ లేని ఆటే ఎక్కువ నచ్చుతుంది. కప్పు పోతుందనే భయం ఉన్నచోట మనిషి ఎదుటి వాడి జోకుకి నవ్వడు.

జోకుల మాట వచ్చింది గనక, ఈ ఆటల చరిత్రలో అన్నిటికన్నా గొప్ప జోకు వేసింది ఆ రోజు ఆడని కాలేజీ. పసడెనాలోనే కాల్‌టెక్ ఉంది. శాస్త్రవేత్తల కార్ఖానా. ఊళ్ళో ఇంత జాతర జరుగుతుంటే తమని పిలిచేవాడే లేడు. 1961లో రోజ్ బౌల్ వాషింగ్టన్‌కీ మినెసోటాకీ. జనవరి ఒకటి ఆదివారం గనక ఆట రెండో తారీఖున. చర్చిల బయట కట్టిన గుర్రాలు ఊరేగింపు చప్పుడుకి బెదురుతాయని 1893లో పెట్టుకున్న నియమం అది. గుర్రాలు పోయాయి, నియమం ఉంది.

వాషింగ్టన్ విద్యార్థులు విరామంలో రంగు అట్టలు ఎత్తి బొమ్మలూ అక్షరాలూ చూపిస్తారు. ఎవరు ఏ అట్ట ఎప్పుడు ఎత్తాలో ప్రతి సీటు దగ్గరా ఒక కాగితం ఉంటుంది. కాల్‌టెక్ కుర్రాళ్ళు పద్నాలుగు మంది జట్టుకట్టారు. ఒకడు హైస్కూలు పత్రిక విలేకరినంటూ వెళ్ళి, చీర్‌లీడర్ల నాయకుడిని ఇంటర్వ్యూ చేసి కిటుకంతా తెలుసుకున్నాడు. వాళ్ళు బసచేసిన చోట గది తాళం తెరిచి నమూనా కాగితం ఒకటి కొట్టేశారు. అలాంటివి 2,232 అచ్చువేయించి, ఒక్కొక్కటీ చేత్తో మార్చి, మళ్ళీ గదిలో పెట్టేశారు. ఇంజినీర్లు అల్లరి చేసినా లెక్క తప్పరు.

ఆట రోజు మొదటి పదకొండు బొమ్మలూ సవ్యంగా వచ్చాయి. పన్నెండో దాంట్లో వాషింగ్టన్ వాళ్ళ హస్కీ కుక్క రావాలి. చెవులు గుండ్రంగా, పళ్ళు బయటికి పెట్టుకుని బీవర్ వచ్చింది, అది కాల్‌టెక్ జంతువు. పదమూడోసారి వాళ్ళ జట్టు పేరు వెనకనుంచి ముందుకొచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నారు. పద్నాలుగోసారి అట్టలు లేచేసరికి, కోట్లాది మంది టీవీలో చూస్తుండగా, ‘కాల్‌టెక్’ అన్న పేరు స్టేడియం గోడంత నిలబడింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నవ్వులు. ఆ అట్టలు ఎత్తింది వాషింగ్టన్ వాళ్ళ చేతులే కదా! ఆట మాత్రం వాషింగ్టన్ 17-7తో గెలిచింది. 1984లో కాల్‌టెక్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఏకంగా స్కోరుబోర్డే చేజిక్కించుకుని, యూసీఎల్ఏ - ఇల్లినాయ్ ఆట మధ్యలో కాల్‌టెక్ 38, ఎం.ఐ.టి. 9 అని చూపించారు.

మనసుకి దగ్గరగా ఉన్న కథ మాత్రం రాయ్ రీగల్స్‌ది. 1929 రోజ్ బౌల్‌లో కాలిఫోర్నియా జట్టు తరఫున ఆడుతూ, జార్జియా టెక్ ఆటగాడి చేతిలోంచి జారిన బంతిని అందుకున్నాడు. గందరగోళంలో దిక్కు తప్పి సొంత గోల్ వైపే పరిగెత్తాడు. అరవై తొమ్మిది గజాలు! వెనక నుంచి సొంత జట్టువాడు బెన్నీ లోమ్ అరుస్తూ వెంటబడి గీత దగ్గర పట్టుకున్నాడు. ఆ వెంటనే వచ్చిన రెండు పాయింట్లే తేడా చేశాయి. జార్జియా టెక్ 8-7తో గెలిచింది. రీగల్స్ బతికినంతకాలం ఆ పరుగు ఆయన పేరుకి ముందు అతుక్కుని ఉండిపోయింది. 1971లో జార్జియా టెక్ వాళ్ళు ఆయన్ని పిలిచి తమ మాజీ ఆటగాళ్ళ సంఘంలో గౌరవ సభ్యత్వం ఇచ్చారు. ఆయన పుచ్చుకుని, ఇది నేను కష్టపడి సంపాదించుకున్నదే అన్నాడు.