అబ్బా దుకాణంలో పీలికలు

మా అబ్బా 40 ఏళ్లు దర్జీ పని చేశారు. బజారు వీధిలోని ఆ చిన్న దుకాణంలోనే మేము ముగ్గురు తోబుట్టువులం పెరిగాము. రాత్రి ఇషా అజాన్ వినిపించగానే అబ్బా మిషను ఆపి చీపురు అందుకునేవారు. నేల మీది గుడ్డ పీలికల్లో జేబులకు, పట్టీలకు పనికివచ్చే వాటిని ఒక సంచిలో వేసి, మిగిలిన వాటిని గోనెలో కుక్కేవారు. పండుగ ముందు రాత్రుల్లో ఎంత పని ఉన్నా ఊడ్వకుండా తాళం వేసిన రోజు మాకు గుర్తు లేదు. "ఈ రోజు చెత్త ఈ రోజే తీయాలి. లేకపోతే నాలుగు రోజుల్లో మిషను దగ్గర కాలు పెట్టే చోటుండదు" అనేవారు.

ఆయన మెదడులో జరుగుతున్నది సరిగ్గా ఇదేనని మాకు ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది.

మొదట ఆయనకు వాసన తెలియడం తగ్గింది. జుమా రోజున అత్తరు అతిగా పూసుకుంటూ ఉంటే అమ్మీ నవ్వేది. తర్వాత కొలతల పుస్తకంలో అంకెలు చిన్నవి కాసాగాయి. వరుస మొదట్లో మామూలుగా ఉన్న అంకె చివరికి వచ్చేసరికి చీమ తలంత అయ్యేది. నడిచేటప్పుడు కుడి చేయి ఊగడం మానింది. ఊరకే కూర్చున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి. మనసులో తస్బీహ్ చదువుకుంటున్నారని అనుకున్నాము. అది పార్కిన్సన్స్ వ్యాధి అని నరాల వైద్యుడు చెప్పారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు వర్ణించిన వ్యాధి ఇది.

వ్యాధి ఎందుకు వస్తుందని అడిగాము. అబ్బా వృత్తి తెలిసిన ఆ డాక్టరు గారు మాకు దుకాణం భాషలోనే చెప్పారు. మన శరీరంలోని ప్రతి కణం వేలాది రకాల ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. వాటిలో కొన్ని పాతబడతాయి, కొన్ని సరిగా మడత పడక పాడవుతాయి. వాటిని తొలగించే ఏర్పాట్లు కణంలోనే ఉన్నాయి. మొదటి ఏర్పాటులో, పాడైన ప్రోటీనుకు యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు తగులుతుంది. ఆ గుర్తు ఉన్న దానిని పీపా ఆకారంలో ఉండే ప్రోటియాసోమ్ ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కలు మళ్లీ కొత్త ప్రోటీన్ల తయారీకి పనికివస్తాయి, అబ్బా సంచిలో దాచిన పీలికల వలె. ఈ గుర్తు రహస్యాన్ని కనుగొన్నందుకు ఆరన్ సీచనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రెండవ ఏర్పాటు పేరు ఆటోఫజీ. కత్తెరకు లొంగని పెద్ద ముద్దలను కణం ఒక పొర సంచిలో చుట్టి, లైసోజోమ్ అనే జీర్ణకోశానికి అప్పగిస్తుంది. ఈస్ట్ కణాల్లో దీని గుట్టు విప్పిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో వైద్యశాస్త్రంలో నోబెల్ లభించింది.

చర్మ కణాలు విభజన చెందుతూ చెత్తను పంచుకుంటాయి. మెదడులోని నాడీకణాలు దాదాపుగా విభజన చెందవు. మనం బ్రతికినంత కాలం అవే ఉంటాయి కనుక, వాటికి రోజూ ఊడ్చుకోవడం తప్ప వేరే దారి లేదు. ఎలుకల నాడీకణాల్లో ఆటోఫజీకి అవసరమైన జన్యువును తొలగిస్తే ఏమవుతుందో జపాన్ పరిశోధకులు 2006లో చూపించారు. వేరే ఏ జబ్బూ లేకపోయినా ఆ కణాల్లో ప్రోటీన్ ముద్దలు పేరుకుపోయి, ఎలుకల కదలికలు దెబ్బతిన్నాయి. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీను ఇలాగే ముద్ద కడుతుంది. పేరుకున్న ముద్ద ఊడ్చే ఏర్పాటుకే అడ్డు పడుతుంది, దానితో చెత్త మరింత పెరుగుతుంది. చివరికి కదలికలను నడిపే డోపమిన్‌ను తయారు చేసే కణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. అల్జైమర్స్‌లో వేరే ప్రోటీన్లు, మెదడులో వేరే చోట్లు, కానీ కథ ఇటువంటిదే.

మా తప్పు ఈ కొద్దిపాటి జ్ఞానం నుండే పుట్టింది. రమజాన్‌కు ముందు ఒక వాయిస్ మెసేజ్ చేతులు మారుతూ మా ఇంటికి వచ్చింది. ఉపవాసం వల్ల కణాలు శుభ్రపడతాయని, దీనికి నోబెల్ కూడా ఇచ్చారని, నరాల జబ్బుకు ఇక మాత్రలు అక్కరలేదని దాని సారాంశం. డాక్టరు నోట విన్న పేర్లే అందులో వినిపించేసరికి మేము నమ్మాము. అబ్బా ఎలాగూ ఉపవాసం వదలనంటున్నారు. రోజుకు నాలుగు సార్లు వేసుకునే మాత్రలను సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటిగా మార్చినది మేమే.

అయిదవ రోజు ఇంట్లో అసర్ నమాజు చేస్తూ సజ్దాలోకి వెళ్లిన అబ్బా మళ్లీ లేవలేదు. ఇద్దరం చెరొక వైపు పట్టి లేపాము. కొయ్యలా బిగుసుకుపోయిన ఆ చేతులను మేము మరచిపోలేము. "కాళ్లు నా మాట వినడం లేదురా" అన్నారాయన.

డాక్టరు గారు కోప్పడలేదు, విడమరచి చెప్పారు. ఆహారం అందనప్పుడు కణాల్లో ఆటోఫజీ పెరుగుతుందని ఈస్ట్‌లోనూ జంతువుల్లోనూ చూసిన మాట నిజమే. కానీ ఉపవాసంతో మనుషుల్లో పార్కిన్సన్స్ ఆగుతుందని గానీ తగ్గుతుందని గానీ రుజువు కాలేదు. అబ్బా వేసుకునే లెవోడోపా మాత్ర చెత్తను ఊడ్చేది కాదు. తగ్గిపోయిన డోపమిన్ లోటును అది కొన్ని గంటల పాటు తీరుస్తుంది, అంతే. దానిని ఒక్కసారిగా ఆపితే శరీరం బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఊడ్చే ఏర్పాటును బాగుచేసి ఈ వ్యాధిని ఆపే మందు కోసం పరిశోధనలు ఇంకా సాగుతూనే ఉన్నాయి.

అబ్బాకు మాత్రం ఉపవాసం వదలడమే పెద్ద బాధ అయింది. మా మసీదు ఇమామ్ సాబ్ ఇంటికి వచ్చి పక్కన కూర్చున్నారు. నయమయ్యే ఆశ లేని రోగి, వదలిన ప్రతి రోజుకు ఒక పేదవానికి అన్నం పెట్టవచ్చని గుర్తు చేశారు. "ఆజ్ఞ ఇచ్చినవాడే సడలింపు కూడా ఇచ్చాడు చాచా. ఆయన ఇచ్చినది తీసుకోవడానికి మొహమాటం ఎందుకు?" అన్నారు. అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొలతల పుస్తకం తెప్పించుకుని, చిన్నవైపోయిన అంకెలతో ఆ లెక్క తానే వ్రాసుకున్నారు.

మీ ఇళ్లలో ఇటువంటి పెద్దలుంటే మా అనుభవం మీకు ఉపయోగపడాలని ఇది వ్రాస్తున్నాము. వాసన తెలియకపోవడం, అక్షరాలు చిన్నవి కావడం, ఒక చేయి ఊగకపోవడం కనిపిస్తే వయసు ప్రభావమని సరిపెట్టుకోకుండా వైద్యునికి చూపించండి. రమజాన్ రావడానికి ముందే మాత్రల విషయం మాట్లాడండి. ఉపవాసం ఆరాధన. దానికి మందు అనే పేరు పెట్టి, ఒక రోగి చేతిలోని మాత్రను లాక్కునే హక్కు మనకు లేదు.

ఇప్పుడు దుకాణం మేమే నడుపుతున్నాము. రాత్రి చీపురు పట్టేదీ మేమే. అబ్బా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటారు. మేము తాళం తీసుకోబోతే వణికే వేలితో బల్ల కింది మూలను చూపిస్తారు. అక్కడ నిజంగానే ఒక పీలిక మిగిలి ఉంటుంది.