రెండు బిందెల నీళ్లు, ఒక కారు

కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి కారు కడుగుకొనే పట్టణవాసులకు ఈ మాటలు అంతగా పనికిరావు. బిందె లెక్కన నీళ్లు వాడుకొనే పల్లె ఇండ్ల కొరకు వ్రాయుచున్నాము. నేడు మన పల్లెలలోను చాలా గడపల ముందు ఒక పాత కారు కనబడుచున్నది. నడుపుట ఎవరో ఒకరు నేర్పుదురు గాని, కడుగుట నేర్పువారు లేరు.

మేముండునది మార్కాపురం ప్రాంతములోని ఒక మెట్ట గ్రామము. మా ఇంటికి బోరింగు దూరమే. వేసవిలో అదియు అడుగంటుతుంది, అప్పుడు రోజు మార్చి రోజు వచ్చే ట్యాంకరే గతి. మా కారు పాత మారుతి 800. ఆ బండి తయారీని కంపెనీ 2014లో ఆపివేసినది, మాది అంతకు చాలా ముందుది. కూడికల కొరకు పొరుగూళ్లకు వెళ్లుట అటుంచి, అది ఎక్కువగా తిరిగేది ఆసుపత్రి దారినే. 108 బండి వచ్చేలోగా నొప్పులు ఎక్కువైన వారిని, పాము కరచిన వారిని ఆ వెనుక సీటు మీదనే తీసికొనిపోయాము. కాబట్టి మాకు కారు కడుగుట సోకు కొరకు కాదు.

ముందుగా చెప్పవలసినది ఏమనగా, పొడి గుడ్డతో దుమ్ము తుడువరాదు. ఆ దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. గుడ్డ కింద అవి ఉప్పుకాగితము వలె రంగును గీకివేయును. మొదట చెంబుతో పైకప్పు మీదనుండి కొద్దికొద్దిగా నీళ్లు పోసి, అయిదు నిమిషములు నాననివ్వవలెను. మట్టిని నీరు విడదీయాలి గాని మన చెయ్యి కాదు. ఆ తరువాత రెండు బకెట్లు పెట్టుకొనవలెను. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండవదానిలో మంచినీళ్లు. గుడ్డను షాంపూ నీళ్లలో ముంచి ఒక పక్క రుద్ది, మంచినీళ్లలో జాడించి, పిండి, మరల షాంపూ నీళ్లలో ముంచాలి. ఇసుక రెండవ బకెట్టు అడుగుకు చేరుతుంది, ఆ అడుగును కెలకకూడదు. పైనుండి క్రిందికి రావలెను. చక్రాలకు వేరే గుడ్డ, అదియు చిట్టచివర. కారు షాంపూ దొరకనిచోట తలకు రుద్దుకొనే షాంపూ ప్యాకెట్టు ఒక్కటి చాలును. బట్టల సోడా, సర్ఫు వద్దు. వాటి ఘాటుకు రంగు మెరుపు తగ్గుతుంది, పైగా నురగ ఎక్కువై కడుగుటకు మరో బిందె కావలసివచ్చును.

ఈ విధముగా చేసిన రెండు బిందెలతో, అనగా సుమారు 30 లీటర్లతో పని ముగియును. గొట్టము పెట్టినచో నిమిషానికి 10 లీటర్లు పోయినా పావుగంటకు 150 లీటర్లు.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కట్టేది అదే. ఎండలో కడిగితే ఆ నీళ్లు ఇంకి కారంతా తెల్లని చుక్కలు మిగులును. అందుచేత ప్రొద్దుటి పూట నీడలో కడిగి, ఆరకముందే పాత నూలు బట్టతో తుడుచుట మేలు. కిరసనాయిలు గుడ్డతో తుడిచే అలవాటు పూర్వము డ్రైవర్లకు ఉండేది. ఆ మెరుపు సాయంత్రం వరకే, ఆ జిడ్డుకు మరునాడు రెట్టింపు దుమ్ము పట్టును. కడిగిన తరువాత బండిని నాలుగు గజాలు నడిపి బ్రేకు తొక్కి చూచుకొనుట మరువవద్దు, తడిసిన బ్రేకు వెంటనే పట్టదు.

రోగిని దింపి వచ్చిన తరువాత లోపల కడుగుట వేరే పని. వాంతి గాని రక్తము గాని పడినచోట బిందెతో నీళ్లు గుమ్మరించరాదు, సీటు లోని దూది పీల్చుకొని రోజుల తరబడి వాసన వేయును. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుగుకొని, బూడిద చల్లి, అది పీల్చిన తరువాత ఎత్తివేయాలి. తరువాత సబ్బు నీళ్ల గుడ్డ, ఆ పైన పలుచని బ్లీచింగు నీళ్లు. పది నిమిషాలుంచి తడిగుడ్డతో తుడిచి, నాలుగు తలుపులు తీసి ఎండ తగలనివ్వాలి. ఈ పని మా శ్రీమతి చేయుదురు, ముక్కు మూసుకొని పక్కన నిలబడి బూడిద అందించుట మా వంతు.

కొందరు బండిని నేరుగా చెరువులోకి దింపుదురు. ఇది మాకు ఎంతమాత్రము నచ్చదు. ఇంజను క్రింద కారే ఆయిలు, గ్రీజు ఆ నీళ్ల మీద తెట్టు కట్టును. ఆ నీళ్లనే సాయంత్రానికి గొడ్లు త్రాగును.

ఒక వేసవిలో ట్యాంకరు వరుసలో నిలబడిన ఒక అవ్వ మా వాకిలి వైపు చూచి, "అయ్యగారూ, మీ కారుకు గూడా వంతు ఉందా?" అన్నది.

"రెండు బిందెలే అవ్వా" అన్నారు మా శ్రీమతి.

"ఆ రెండూ మా ఇంట్లో ఒక పూటకు వస్తాయి తల్లీ."

అవ్వ మాటలో కోపం లేదు, లెక్క మాత్రమే ఉన్నది. ఆ అవ్వ మనుమరాలిని కాన్పుకు తీసికొనిపోయినది ఆ కారులోనే, ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అయినను దాహానికి అది జవాబు కాదు గదా. 2024 మార్చిలో బెంగళూరులో త్రాగునీటితో వాహనములు కడుగరాదని, కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆజ్ఞ ఇచ్చినది. మా ఊరిలో ఆ ఆజ్ఞ అవ్వ ఇచ్చినది, జరిమానా లేకుండ.

అప్పటినుండి మా ఇంట ట్యాంకరు వచ్చే నెలల్లో ఆ నీళ్లు కారుకు ముట్టవు. బట్టలు జాడించిన ఆఖరి నీళ్లు దాచి చక్రాలకు, మడ్‌గార్డుల లోపలికి వాడుదుము. అక్కడ మట్టి నిలిచితే తేమ పట్టి రేకు తుప్పు తినును. ముందు అద్దము, దీపాలు, నంబరు పలక మాత్రం ఒక చెంబు నీళ్లతో, పాత పేపరుతో తుడుచుదుము. రాత్రివేళ ఆసుపత్రికి పోవలసివచ్చినప్పుడు మసక అద్దము ప్రాణాపాయము. మిగిలిన బండి దుమ్ముతోనే ఉండును. పిల్లలు దాని మీద వేలితో తమ పేర్లు వ్రాసికొందురు.

తొలకరి వాన పడిన రోజున ఆ పిల్లలే గుడ్డలు పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తుదురు. చూరు నీళ్లు డ్రమ్ములోకి, వాన కారు మీదికి. ఆ రోజు ఒకటికి రెండు షాంపూ ప్యాకెట్లు ఖర్చగును, అయినను మా శ్రీమతి ఏమీ అనరు.