అదే బస్సు, ఎక్కు

పోయిన నెల మా టీములో కుర్రాడొకడు షెన్‌జెన్ వెళ్తూ "అన్నా, ఏం పట్టుకెళ్ళాలి?" అని అడిగాడు. ఆవకాయ, చిన్న కుక్కరు, కందిపొడి అని చెప్పేశాను. మిగతాది వాడి ఫోన్ చూసుకుంటుంది. బోర్డు మీదకి కెమెరా తిప్పితే చాలు, అర్థం వచ్చేస్తుంది. నేను వెళ్ళిన 2007 జనవరిలో ఆ వైభోగం లేదు.

నన్ను పంపింది దాలియన్‌కి. చైనా ఈశాన్యాన ఉన్న రేవు పట్నం. అక్కడి సాఫ్ట్‌వేర్ పార్కు 1998లో మొదలైంది, ఎక్కువగా జపాన్ వాళ్ళ పనే. 1905 నుంచి 1945 దాకా ఆ ఊరు జపాన్ చేతిలోనే ఉండేది లెండి. (1942 ఏప్రిల్లో మన వైజాగ్ మీద బాంబులేసింది కూడా వాళ్ళే!) కొండలు, సముద్రం, షిప్‌యార్డు చూసి అచ్చం మన వైజాగే అనుకున్నా. చలి సంగతి పక్కన పెడితే, ఆ భ్రమ హోటల్ గేటు దాటేవరకే.

భాష రాదని తెలిసే వెళ్ళాను. కానీ మాట అర్థం కాకపోవడం వేరు, కళ్ళెదురుగా ఉన్నది చదవలేకపోవడం వేరు. మందుల షాపేదో మంగలి షాపేదో తెలీదు. నాతో వచ్చిన శాకాహారి మిత్రుడు "బు యావ్ రౌ" (మాంసం వద్దు) అని బట్టీపట్టి చెప్తే నూడుల్స్ మీద రొయ్యలేసి తెచ్చారు. వాళ్ళకి ఉత్త 'రౌ' అంటే పంది మాంసమట! పళ్ళ కొట్టావిడ బొటనవేలు, చూపుడువేలు చాపి చూపిస్తే రెండు యువాన్లు ఇచ్చా. ఆవిడ నవ్వుతూనే ఉంది. ఆ గుర్తు ఎనిమిదికట.

నాకు తెలిసినవల్లా అంకెలే. బస్సు నంబరు చూసి ఎక్కడం, స్టాపులు లెక్కపెట్టుకుని దిగడం. రెండోరోజే అనిపించింది, ఈ పని చేసేవాళ్ళని ఎక్కడో చూశానే అని.

మా మామ్మకి చదువు రాదు. స్టీల్ ప్లాంటు కోసం భూములు తీసుకున్నప్పుడు వాళ్ళ ఊరు పోయింది. చేతిలో ఆర్ కార్డు పెట్టారు, దాని మీద మా నాన్నకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. మామ్మ మాత్రం యాభై దాటాక పెదగంట్యాడ నిర్వాసితుల కాలనీలో మొదట్నుంచీ మొదలెట్టింది. ఊళ్ళో ప్రతి గట్టూ తెలిసిన మనిషి, ఇక్కడ బస్టాపులో కనబడినవాళ్ళందర్నీ "ఇది ఎటెళ్తాది బాబూ?" అని అడిగేది. నాకు పదేళ్ళు, ఫ్రెండ్స్ ముందు మహా నామోషీ. ఓరోజు వాళ్ళతో ఉండగా నన్నే అడిగింది. బోర్డు వైపు చూడకుండానే "అదే మామ్మా, ఎక్కు" అన్నా.

చీకటి పడ్డాక ఇల్లు చేరింది. ఎక్కడికెళ్ళిందో, ఎలా వచ్చిందో చెప్పలేదు. నన్నూ ఏమీ అనలేదు.

దాలియన్‌లో నాలుగోరోజు నా వంతొచ్చింది. నంబరు కరెక్టే, ఎక్కిందే ఎదురు దిక్కు. ఎక్కడో దిగిపోయి, జేబులోంచి హోటల్ కార్డు తీసి ఓ ముసలావిడకి చూపించా. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, తల అడ్డంగా ఊపింది. కళ్ళజోడు మర్చిపోయిందో, చదువే రాదో. అటు పోతున్న పిల్లాణ్ణి కేకేసింది. వాడు కార్డు చదివి, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, అవతలి స్టాపులో నిలబెట్టి, బస్సు వచ్చేదాకా కదల్లేదు. వాడికీ పదేళ్ళుంటాయేమో.

రూముకి రాగానే ఇంటికి ఫోన్ చేశా. "ఏట్రా, తిన్నావా?" అన్నాడు నాన్న. తిన్నానన్నా. మామ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ బస్సు సంగతి నాన్నకి ఇప్పటికీ తెలీదు.